అర్బాజ్ బండికి ఆకుపచ్చ పరదాలు

నా పేరు హఫీజా బేగం. భర్త పేరు మునావర్. వయసు ఆధార్ కార్డులో నలభై ఏడు, ఇంట్లో లెక్కకు యాభై. కోరుట్లలో ఇంటి దగ్గరే కుట్టుమిషన్ మీద జాకెట్లు, లంగాలు కుడతాను. పరదాలు కుట్టడం ఇదే మొదటిసారి. ఈ రోజు శుక్రవారం సాయంత్రం జగిత్యాల ఠాణాలో ఎస్సై సారు అడిగితే చెబుతున్నాను. కానిస్టేబుల్ శ్రీలత మేడం రాసుకుంటున్నది.

మొదట ఈ మాట రాయండి. బండిలో శవం లేదు. దేవదాస్ ఎవరి శవాన్నీ ఎత్తుకుపోలేదు. అతన్ని వదలాలి. పరదాలు ఊడదీయొద్దు. ఇక జరిగింది చెబుతాను.

బండి నా కొడుకు అర్బాజ్‌ది. పాత స్కూలు బండి కొని, సీట్లు పీకేసి, రెండు మంచాలు, పొయ్యి పెట్టుకునే బల్ల, నీళ్ళ డ్రమ్ము బిగించాడు. పసుపు రంగు గీకి తెల్ల రంగు వేశాడు. ఇంగ్లీషులో దానికేదో పేరుంది, మేము ఇల్లు బండి అంటాము. "అమ్మీ, గీండ్లనే వండుకుంట, గీండ్లనే పండుకుంట సముద్రం దాక పోదాం" అనేవాడు. పరదాలు ఒక్కటే మిగిలాయి. పోయిన వానాకాలం కామెర్లు వచ్చి పోయాడు. ఇరవై నాలుగేళ్ళు.

దేవదాస్ వాడి దోస్తు. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, బ్యాటరీ పడిపోకుండా బండి కాసేపు ఆన్ చేసి పోయేవాడు. నేను బయటికి వచ్చేదాన్ని కాదు. నెల కింద తలుపు కొట్టి, "అమ్మీ, లోపల పరుపులు ఎండకు తెల్లబడుతున్నయ్. పరదాలు కట్టకుంటే వాని కష్టమంత మాడిపోతది" అన్నాడు. అప్పుడు లేచాను. లేచానంటే మళ్ళీ కూర్చోలేదు సారూ.

మరునాడే సిరిసిల్ల పోయాను. అక్కడ పరశురాములుకు సాంచాలున్నాయి. కరెంటు మగ్గాలను వాళ్ళు అట్లనే అంటారు. నేను నోరు తెరవకముందే, "నీ కొడుకు రంగు చెప్పి పోయిండక్కా. నేసి పక్కకు పెట్టిన, ఎవలకియ్యలే" అని బట్ట తాను తెచ్చి నా ముందు విప్పాడు. ఆకుపచ్చ! వరి నారు ఉంటుంది చూడండి, ఆ పచ్చ. "పచ్చ పరదాలేస్తే చెట్టు కింద పండుకున్నట్టుంటదన్నడు" అని చెప్పాడు. నాకు వాడు చెప్పని మాట ఒకటి సిరిసిల్లలో దొరికింది.

మొదటి పరదా ఇంట్లో కట్టినట్టే పైన ఒక్క తీగకే కట్టాను. బండి కిటికీ గోడలాగా నిలువుగా ఉండదు, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. పరదా అద్దాన్ని వదిలి మంచం మీదికి వచ్చింది. దేవదాస్ పడుకుని చూపించాడు. బట్ట అతని ముఖం మీద పడింది. "అమ్మీ, గిది పరదానా, కఫనా?" అన్నాడు. శవానికి చుట్టే బట్ట పేరు నోట వచ్చిందని నాలుక కరుచుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది. అర్బాజ్ పోయినంక అదే మొదటి నవ్వు. తర్వాత కింద కూడా ఒక స్ప్రింగు తీగ పెట్టి, రెండు దిక్కులా గుంజి కట్టాను. అద్దానికి అతుక్కున్నట్టు నిలిచింది! కింద జరీ అంచు వేశాను. దోమలు రాకుండా మడతల్లో కర్పూరం పెట్టి కుట్టాను. సారూ, మీరు పరదాలు లోపలి నుంచి చూశారా? లోపలి నుంచి చూడాలి.

ఈ రోజు వాటిని పరశురాములుకు చూపిద్దామని సిరిసిల్లకు బయలుదేరాము. స్టెప్నీ టైరు తీసుకునేది ఉండి జగిత్యాల మీదుగా వచ్చాము. నేను సూదీదారంతో వెనక కూర్చుని పరదాలన్నీ మూశాను. "మెల్లగ పో బేటా, ఊగుతయో లేదో చూడాలె" అన్నాను. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయని దేవదాస్ నాలుగు ఇండికేటర్లు వేసి నడక మీద పోనిచ్చాడు.

జుమ్మా నమాజు అయి జనం బయటికి వస్తున్నారు. ఒక ముసలాయన బండిని చూసి సైకిల్ దిగాడు. చేతిరుమాలు తలకు కట్టుకుని వెంట నడిచాడు. ఆయన్ను చూసి ఇంకో నలుగురు. హోటల్లో చాయ్ తాగేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకతను పక్కనే నడుస్తూ దేవదాస్‌ను అడిగాడు.

"ఎవలదన్నా?"

"అర్బాజ్‌ది. కోరుట్ల."

"ఏమైందే పిలగానికి?"

"కామెర్లు. జవాన్ పిలగాడు."

దేవదాస్ బండి సంగతి చెప్పాడు, అతను శవం సంగతి అనుకున్నాడు. మాలో జనాజా మీద, అంటే పాడె మీద, కప్పేది కూడా జరీ అంచు పచ్చ బట్టే. చెప్పినవన్నీ నిజాలే సారూ, అందులో అబద్ధం ఏముంది?

వెనక పరదా సందులోంచి చూశాను. రోడ్డు నిండా మనుషులు. జనాజా వెంట చదివే కలిమా చదువుతున్నారు. "కోరుట్ల అర్బాజట" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఎవరికీ వాడు తెలియదు. అయినా నడుస్తున్నారు. వాడు పోయిన రోజు మా ఇంటి నుంచి జనాజా లేచినప్పుడు నేను గడప కాడ ఆగిపోయాను. మాలో ఆడవాళ్ళు వెంట పోరు. వాడు సందు మలుపు తిరిగేదాకనే చూశాను. ఈ రోజు పరదా తీసి "ఇది ఇల్లు బండి నాయనా, పోండి" అనాల్సింది. అనలేదు. ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అనుకున్నాను. ఇది నేను చేసిన పని. ముందు రోడ్డు చూసుకునే దేవదాస్‌కు నా మనసులో మాట తెలియదు.

బండి మా శ్మశానం, ఖబరస్తాన్ మలుపు దాటి నేరుగా పోయింది. అప్పుడు లొల్లి మొదలైంది.

"అరే, ఆపు! మయ్యత్‌ను ఎటు తీస్కపోతున్నవ్?"

"సిరిసిల్లకు!" అన్నాడు దేవదాస్.

"సిరిసిల్లకేంది? నీ పేరేంది?"

పేరు చెప్పగానే కాలర్ పట్టుకున్నారు. ఎవరో మీకు ఫోన్ చేశారు. వెనక తలుపు గుంజారు. కర్పూరం వాసన గుప్పుమన్నది. మాలో శవానికి పూసేది కూడా అదే. నేను చేతిలో సూదితో లేచి నిలబడ్డాను.

"యా అల్లా, లేచి నిలవడ్డది!" అని ముసలాయన వెనక్కి పడబోయాడు.

"బాబా, నేను బతికే ఉన్న! గిటు చూడుండ్రి, కింద మీద తీగలున్నయ్, పరదా ఊగనే ఊగలే!" అన్నాను. ఆ టైములో నాకు ఆ మాటే వచ్చింది.

రంగు మార్చకపోతే రోజూ ఇదే గొడవ అవుతుందని ఎస్సై సారు అంటున్నారు. రంగు మార్చను. దేవదాస్ గీసిస్తే వెనక పరదా మీద జరీతో ఇల్లు బండి అని పెద్ద అక్షరాలు కుడతాను.

ముసలాయన ఇప్పుడు ఠాణా బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇందాక నన్ను, "మరి నేను గింత దూరం ఎవల కోసం నడిచినమ్మా?" అని అడిగాడు.

"నా కొడుకు కోసమే బాబా. కొంచెం ఆలస్యమైంది, గంతే" అన్నాను.

ఆయన తలకు కట్టుకున్న రుమాలు విప్పలేదు. లోపలికి వచ్చి, దేవదాస్‌ను వదిలేయమని సారుతో చెప్పి మళ్ళీ బెంచీ మీదికి పోయాడు.

ఇదంతా నా నోటితో చెప్పాను. శ్రీలత మేడం చదివి వినిపించింది. "పరదాల ముచ్చట గింత అవసరమా అమ్మా?" అన్నది. అవసరమే, కొట్టేయొద్దు అన్నాను. కొట్టేయలేదు. ఇందులో ఉన్నదంతా నిజం. నా ఎడమ బొటనవేలి నిండా సూది పోట్లున్నాయి. ముద్ర చుక్కలు చుక్కలుగా పడితే అనుమానపడొద్దు, అది నాదే.

(ఎడమ బొటనవేలి ముద్ర)
హఫీజా బేగం, అర్బాజ్ తల్లి