అత్త చేతులు

1954, కడప. ఆసుపత్రి వరండాలో నర్సు రూతమ్మ ఎదుట మైదుకూరు కంసాలి వీరాచారి, ఆయన భార్య గోవిందమ్మ.

"ఈ చేతులు నావి కావు నర్సమ్మా. మా అత్తవి."

"నువ్వుండుమే, నేను చెప్తా. మా యమ్మ సచ్చిపోయినప్పట్నుంచి ఈమెను పట్టుకోనుండాదమ్మా. మంత్రగాడు గూడా అదే చెప్పె."

"మంత్రగాణ్ణి పక్కనబెట్టు ఆచారీ. గోవిందమ్మా, ఈ గ్లాసు పట్టుకో. అయ్యో, చాలు చాలు, కింద పెట్టు. మీ అత్తకూ ఇట్లే వణికేవా?"

"ఇట్లే. ముద్ద నోటికి పోయేది కాదు, నేనే తినిపిస్తాంటి. ఆమె పోయె, నాకొచ్చె."

"నోరు తెరువు. చిగుళ్ళు నల్లబడినాయే! ఎంగిలి ఊరుతాందా?"

"ఊరికే ఊరుతాది. నోరంతా రాగి చెంబు నాకినట్టుంటాది."

"ఇంట్లో ఏం పని చేస్తావు?"

"ఆడమనిషి ఏం చేస్తాదమ్మా, వంట, నీళ్ళు..."

"నేనడిగింది ఆమెను, ఆచారీ."

"దేవుండ్ల కవచాలకు బంగారు పూత పెడతామమ్మా. పాదరసంలో బంగారు రేకులేసి అరచేతిలో పిసకాల, వెన్న మాదిరి అయ్యేదాకా. రాగి కవచానికి పూసి కుంపటి మీద పెడితే రసం పొగై పోతాది, బంగారం నిలుస్తాది. మా అత్తే నేర్పిచ్చింది."

"వట్టి చేత్తోనా? ఆ పొగ కాడ కూచోనేనా?"

"తలుపేసుకోని. గాలికి బూడిద లేసి పూత మీద పడతాది గదా."

"తలుపేసుకోనేనా! పాదరసం విషం తల్లీ. తాకగూడదు, నాలికకు తగలగూడదు. పొగైతే అసలే పీల్చగూడదు. మీ అత్తను చంపిందీ అదే, నిన్ను పట్టిందీ అదే. దెయ్యం గాదు."

"తాతల కాలం నుంచి చేస్తాండాం. నాకేం కాలేదే!"

"కుంపటి కాడ నువ్వు కూచుంటావా?"

"నాది... చెక్కే పని. వాకిట్లో."

"అయితే మా అత్త కాదా? పీడిస్తాందని ఆమె దినానికి ఇస్తరాకు గూడా వేయనీలేదే నేను! ఎన్ని తిట్లు తిట్టుకుంటినో ఆ మహాతల్లిని."

"ఏడవొద్దు. ముందు ఆ పని మానుకో."

"మానిపిచ్చినా లేమ్మా. వణికే చేతులతో కవచమేం పట్టుకుంటాది? తిరునాళ్ళేమో దగ్గర పడె."

"మరి పూత ఎవరు పెడతాండారు?"

"ఇంట్లో మనుషులుండారు లేమ్మా."

"ఎవరు, ఆచారీ?"

"మా పాప, ఈశ్వరమ్మ. నర్సమ్మా... మొన్న అది నా కాడికొచ్చి, అమ్మా, నోట్లో రాగి చెంబు నాకినట్టుండాదనె. అవ్వ దాన్నీ పట్టుకునిందని యాపమండలతో కొడితి. నిప్పుంటే అవ్వ దగ్గరికి రాదని, ఈ పొద్దు కుంపటి కాడనే కూచోబెట్టి, తలుపేసొచ్చినా."