బుధవారం బల్ల దగ్గర నా కాపలా

అధ్యక్ష స్థానంలో ఉన్న మేయర్ టిల్నీ గారికి, వారి పక్కనే కూర్చుని నేను మొదలుపెట్టకముందే గడియారం చూసుకుంటున్న పాస్టర్ హెస్కెత్ గారికి, ముందు వరసలో ఉన్న ఈ ఊరి పెద్దలకి, ఒకప్పుడు మాలాంటి అమ్మాయిల్ని ఇంట్లో పెట్టుకున్న అమ్మగార్లకి, ఆఖరి వరసలో కోట్లు కూడా విప్పకుండా తలుపుకి దగ్గరగా కూర్చున్న మా బుధవారం అమ్మాయిలకి, అందరికీ నా నమస్కారాలు. డోరీన్ ఆక్లీ గారూ, మీకు వేరే చెబుతాను. కొంచెం ఆగండి. (నవ్వులు)

ఈ బుధవారం బల్ల నుంచి డోరీన్ గారు సెలవు తీసుకుంటున్న సందర్భంగా నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు, అదీ మంచి మాటలే మాట్లాడమన్నారు. నిన్న సాయంత్రం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "బోజెనా, నువ్వేం చెప్పబోతున్నావో ఒక కాగితం మీద రాసి పంపుతావా, ఊరికే చూద్దామని" అన్నారు. పంపలేదు. ఊరికే చూద్దామని ఎవరన్నా నాకు అనుమానం వస్తుంది. అది నాకున్న జబ్బు. ఆ జబ్బు ఈ హాల్లోనే అంటుకుంది. అదెలా అంటుకుందో చెప్పకుండా డోరీన్ గారిని పొగిడితే ఆ పొగడ్త ఆవిడకే నచ్చదు. అందుకే మొన్న ఆవిడ దగ్గరికి వెళ్లి అనుమతి అడిగాను. "చెబితే అంతా చెప్పు. సగం చెప్పి నన్ను దేవతని చెయ్యకు" అన్నారు.

నేను ఇరవై ఏళ్ల వయసులో స్లొవాకియా నుంచి ఈ ఊరికి వచ్చాను. మీ ఇళ్లలోనే ఉండి, మీ పిల్లల్ని చూసుకుంటూ ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చిన మాకున్న పేరు ఓ పేర్. కాగితం మీద ఆ మాటకి ఇంట్లోవాళ్లతో సమానం అని అర్థం. ఇంట్లో మాత్రం ఆ అర్థం పూటపూటకీ మారేది. అన్నం దగ్గర సమానం, అంట్ల దగ్గర కాదు. (నవ్వులు) మిసెస్ ఫెన్విక్, మీరు నవ్వుతున్నారు, సంతోషం. మీ ఇంట్లో నాకు ఏ లోటూ జరగలేదని అందరి ముందూ చెబుతున్నాను. ఇస్త్రీ తప్ప.

ఆ రోజుల్లో వారానికి ఒక్క పూట, బుధవారం పదింటి నుంచి పన్నెండింటి దాకా, మమ్మల్ని ఇక్కడికి పంపేవారు. మాతో ఇంగ్లిష్ మాట్లాడించడానికి డోరీన్ గారు ఉండేవారు. పళ్ల డాక్టరు దగ్గర ముప్ఫై ఏళ్లు ముందు గదిలో కూర్చుని పేర్లు రాసిన మనిషి. నోరు తెరవడానికి భయపడేవాళ్లతో నోరు తెరిపించడం ఆవిడకి అక్కడే అలవాటైంది. పొడుగు బల్ల, దాని మీద పెద్ద టీ డబ్బా, ఒక పళ్లెం నిండా బిస్కెట్లు. చుట్టూ మేము పద్నాలుగు మందిమి, హంగరీ, చెక్, టర్కీ, స్లొవాకియా అమ్మాయిలం. ఆవిడ పుస్తకం తెచ్చేవారు కాదు. "నీ రోజు ఎలా గడుస్తుందో చెప్పు బంగారం. ఎన్నింటికి లేస్తావు? లేచి ఏం చేస్తావు? తర్వాత? ఆ తర్వాత?" అని అడిగేవారు. మేం తప్పుల తడకగా చెబుతుంటే ఆవిడ ఒక్కొక్క మాటా సరిదిద్దేవారు. మాకది వ్యాకరణం. మా బతుకంతా బల్ల మీద పరుస్తున్నామని మాకెవరికీ తోచలేదు.

నా పక్కన ఇవెటా కూర్చునేది. మా దేశంలోనే బార్దెయోవ్ దగ్గర పల్లెటూరి పిల్ల, పంతొమ్మిదేళ్లు, నవ్వితే భుజాలు కూడా ఎగిరేవి. ఆమె పని చేసింది మిసెస్ రాడ్‌మెల్ ఇంట్లో. అటూ ఇటూ చూడకండి, ఆవిడ ఈ ఊరు వదిలి చాలా ఏళ్లయింది. (నవ్వులు) ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. వాళ్లు చాలనట్టు ఆవిడ చెల్లెలి ఇద్దరు పిల్లలు, చెల్లెలి ఇంటి ఇస్త్రీ కూడా ఇవెటా మీదే పడ్డాయి. ఒక నవంబరు బుధవారం మాకు భవిష్యత్తు గురించి మాట్లాడడం పాఠం. రాబోయే సంవత్సరం ఏం చేస్తారో తలా ఒక వాక్యం చెప్పాలి. ఇవెటా లేచి నిలబడి, ఎంతో కష్టపడి, ఒక్క తప్పు లేకుండా, "జనవరిలో నేను వేరే కుటుంబాన్ని వెతుక్కుంటాను" అంది. మేమందరం చప్పట్లు కొట్టాం. డోరీన్ గారు కూడా కొట్టారు.

శుక్రవారం మధ్యాహ్నం నేను పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తుంటే ఇవెటా బస్టాపులో సూట్‌కేసు మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఇంటికి. జనవరి దాకా ఎందుకు, ఇవాళే వెళ్లమంది. మంచం మీద నుంచి దుప్పటి కూడా తీసేసింది."

"ఆవిడకి ఎవరు చెప్పారు?"

"నేను చెప్పలేదు. నువ్వు చెప్పావా?" అని నా మొహంలోకి చూసింది. ఆ చూపు నేను ఈ రోజుకీ మరిచిపోలేదు. నేను కాదని ఒట్టు పెట్టాను. నమ్మిందో లేదో తెలియదు, బస్సు వచ్చింది.

మంచినీళ్లు ఇస్తారా? థాంక్యూ పాస్టర్ గారూ.

ఆ తర్వాత నేను మనిషిలా లేను. బల్ల చుట్టూ ఉన్న ప్రతి మొహాన్నీ వెతికాను. మిసెస్ రాడ్‌మెల్ పక్కింట్లో ఉండే హంగరీ పిల్లని అనుమానించాను, ఆమెతో మాటలు మానేశాను. పాపం, ఆమెకి ఎందుకో కూడా తెలియదు. హాలు ఊడ్చే ముసలాయన్ని అనుమానించాను. అప్పటి పాస్టర్ గారిని కూడా, క్షమించాలి, రెండు వారాలు అనుమానించాను. (నవ్వులు) చివరికి మిగిలింది ఒక్క మనిషే. ఆ మనిషి పేరు నాలో నేను అనుకోవడానికి కూడా ఇష్టపడలేదు, ఎందుకంటే ఈ దేశంలో నన్ను బంగారం అని పిలిచింది ఆవిడొక్కతే.

అందుకని ఒక వల పన్నాను. మార్చిలో ఒక బుధవారం అందరూ వెళ్లాక డోరీన్ గారితో ఒంటరిగా, గొంతు తగ్గించి, "ఈస్టర్ తర్వాత బ్రైటన్‌లో సముద్రం ఒడ్డున ఒక హోటల్లో పనికి వెళదామనుకుంటున్నాను" అన్నాను. అది పచ్చి అబద్ధం. బ్రైటన్ ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలియదు. ఆ మాట నేను ఇంకెవ్వరికీ చెప్పలేదు, మా అమ్మకి రాసే ఉత్తరంలో కూడా.

శనివారం ఉదయం మిసెస్ ఫెన్విక్ టోస్టుకి వెన్న రాస్తూ, నా వైపు చూడకుండా, "బోజెనా, ఈస్టర్ తర్వాత కూడా మాతోనే ఉంటావుగా? సముద్రం గాలి మీదికి మనసు పోలేదు కదా?" అన్నారు.

గుర్తుందా మిసెస్ ఫెన్విక్? మీకు గుర్తు లేకపోవచ్చు. నాకు ఆ వెన్న కత్తి చప్పుడు కూడా గుర్తుంది.

తరవాతి బుధవారం కప్పులు కడిగేటప్పుడు ఆవిడని నిలదీశాను. నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా ఒక్క వాక్యంలో పెట్టాను. "ఇవెటా సంగతి రాడ్‌మెల్‌కి చెప్పింది మీరే."

ఆవిడ కాదంటారనుకున్నాను. కాదంటే అరుద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, "అవును, నేనే చెప్పాను. అమ్మగార్ల కమిటీయే కదా హాలు ఇప్పించింది. నెలకోసారి టీకి పిలిచి, అమ్మాయిలు ఎలా ఉన్నారు, ఏమంటున్నారు అని అడుగుతారు. నేను మీ మంచికే అనుకున్నాను. ఇవెటా మీద పని ఎక్కువైంది, అందుకే వెళ్లాలనుకుంటోంది, కాస్త తగ్గించండి అని చెప్పాను" అన్నారు.

"తగ్గించింది. సూట్‌కేసు బయట పెట్టి మొత్తం తగ్గించింది."

"వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేక వెళ్లిందన్నారే!"

"అని ఎవరన్నారు? రాడ్‌మెలేనా?"

ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. నేను జాలి పడలేదు. నిజం చెబుతున్నాను, అమ్మ సంగతి కూడా ఆవిడ అప్పటికప్పుడు కల్పించిందేమోనని అనుమానించాను.

ఆ తరవాతి బుధవారం డోరీన్ గారు టీ పొయ్యకముందే లేచి నిలబడి, ఈ హాల్లోనే, పదముగ్గురు అమ్మాయిల ముందు, "మీరు ఇక్కడ చెప్పిన మాటలు నేను మీ ఇళ్లలో చెప్పాను. దానివల్ల ఇవెటా పని పోయింది. ఇంకెవరికి ఏం జరిగిందో నాకు తెలియదు. ఇక చెప్పను. కానీ నన్ను నమ్మమని అడగను" అన్నారు. తొమ్మిది మంది కోట్లు తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఆవిడ ఆ నెల టీకి కూడా వెళ్లలేదు. వెళ్లనని ఉత్తరం రాశారు, ఎందుకు వెళ్లడంలేదో కూడా రాశారు. వేసవి రాకముందే కమిటీవాళ్లు హాలు తాళం వెనక్కి ఇమ్మన్నారు. కొత్త కమిటీ వచ్చి మళ్లీ పిలిచేదాకా రెండేళ్లు ఆవిడ తన భోజనాల గదిలో బల్ల వేశారు. మేం నలుగురమే వెళ్లేవాళ్లం.

మీరందరూ ఈ సాయంత్రం నన్ను ఆవిడ మొదటి శిష్యురాలని, కుడిభుజమని పరిచయం చేశారు. మేయర్ గారూ, మీ మాట కాదంటున్నందుకు మన్నించాలి. నేను ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లింది నమ్మి కాదు. చూడడానికి వెళ్లాను. ఆ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, కొత్త పిల్ల ఏం చెబుతోంది, ఆవిడ ఏం వింటోంది, విన్నది ఎక్కడికి వెళుతోంది అని కాపలా కాశాను. నాకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, నర్సరీ బడిలో పని దొరికాక కూడా బుధవారం సెలవు అడిగి తీసుకున్నది అందుకే. ఆవిడకి తెలుసు. ఒక్కసారి కూడా కుర్చీ జరపమనలేదు. కొత్త అమ్మాయి వచ్చినప్పుడల్లా, టీ కప్పు చేతికివ్వకముందే, "ఒకసారి నేను ఒకమ్మాయి మాట బయట పెట్టాను. నాకు ఏదైనా చెప్పే ముందు అది గుర్తుపెట్టుకో" అనేవారు. పదిహేనేళ్లలో ఎన్నిసార్లు అన్నారో! ఒక్కసారైనా మరిచిపోతారేమోనని ఎదురు చూశాను. మరిచిపోలేదు.

ఇవెటా సంగతి అడుగుతారు. డోరీన్ గారు ఆమెకి నాలుగు ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. ఆరేళ్ల క్రితం మా ఊరు వెళ్లినప్పుడు ఇవెటాని కలిశాను. ప్రెషోవ్‌లో కర్టెన్లు కుట్టే దుకాణం పెట్టుకుంది. నవ్వితే భుజాలు ఇంకా ఎగురుతున్నాయి. "ఉత్తరాలు అందాయి. ఏమని జవాబు రాయను? ఫర్వాలేదు అనే మాట ఇంగ్లిష్‌లో నాకు వచ్చు. కానీ ఫర్వాలేదు కాదుగా!" అంది. తర్వాత, "ఉత్తరాల్లో మంచి ఇంగ్లిష్ కదా, వాటిని మా పిల్లతో చదివిస్తున్నాను" అంది. ఆ మాట నేను డోరీన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ సంతోషించలేదు, ఏడవలేదు. "సరిగ్గానే చెప్పింది" అన్నారు.

మూడు వారాల క్రితం ఆవిడ, మోకాళ్లు ఇక మాట వినడం లేదు, బల్ల నువ్వే తీసుకో అన్నారు. "నన్నే ఎందుకు?" అన్నాను. అందులో కూడా ఏదో ఉందనుకున్నాను. "నువ్వు ఎవర్నీ నమ్మవు. అది చాలు" అన్నారు. (నవ్వులు) నేను కూడా అప్పుడు నవ్వాను. గర్వపడ్డాను కూడా.

కిందటి మంగళవారం ఏం జరిగిందో డోరీన్ గారికి కూడా చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను. నాకు బాగా కావలసిన స్నేహితురాలు ఒకావిడ, ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను, ఫోన్ చేసి, "మా స్పెయిన్ అమ్మాయి నీ బల్ల దగ్గరికి వస్తోందట కదా. గదిలోంచి బయటికి రావడం లేదు, నాకు దిగులుగా ఉంది. నీతో ఏమైనా అందా?" అని అడిగారు. ఆవిడ మంచి మనిషి. ఆ అమ్మాయి మంచి కోసమే అడిగారు. ఆ అమ్మాయి నాతో అంది. ఏమందో చెబితే ఇద్దరికీ మేలు జరుగుతుందని నాకు అనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "అదీ..." అన్నాను కూడా. ఆ తర్వాత ఫోన్ పెట్టేసి వంటింట్లో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. నేను చెప్పలేదు. కానీ ఎంత తేలికో చూశాను. ఆ మాట బయటికి రావడానికి చెడ్డతనం అక్కర్లేదు, కొంచెం ప్రేమ, ఒక ఫోన్ చాలు. డోరీన్ గారి మీద పదిహేనేళ్లు దాచుకున్న కోపం ఆ గోడ దగ్గర దిగిపోయింది. దాని చోట భయం వచ్చి కూర్చుంది, నా మీద నాకే.

డోరీన్ గారూ, ఇక మీకు. వీడ్కోలు సభలో, వెళ్లండి, హాయిగా విశ్రాంతి తీసుకోండి అనాలి. నేను అనను. మోకాళ్లు నొప్పి అంటున్నారు, మా ఆయన కారులో తీసుకొస్తాడు. ప్రతి బుధవారం రండి. బల్ల దగ్గరికి కాదు. పాఠం చెప్పక్కర్లేదు, టీ పొయ్యక్కర్లేదు. ఆ తలుపు దగ్గర కుర్చీ వేస్తాను, కూర్చోండి. నేను ఏం వింటున్నానో, విన్నది ఎక్కడికి తీసుకెళుతున్నానో కళ్లలో వత్తులు వేసుకుని చూడండి. నా మీద నమ్మకంతో రాకండి, అనుమానంతో రండి. ఇన్నేళ్లు మీరు నాకిచ్చిన మర్యాద అదే. అదే నాకు కావాలి.

నా మాటలు ఓపికగా విన్న పెద్దలకి, అమ్మగార్లకి, గడియారం చూడడం మానేసిన పాస్టర్ గారికి కృతజ్ఞతలు. ఆఖరి వరసలో ఉన్న అమ్మాయిలూ, మీరు కోట్లు విప్పనందుకు నేనేమీ అనుకోను.

సెలవు.