స్తోత్రం లేని సాక్ష్యం

సభాధ్యక్షులు, మా ప్రధానోపాధ్యాయులు కాంతారావు గారికీ, నా మాట మన్నించి గుడివాడ నుంచి బస్సులో నిలబడి మరీ వచ్చిన కవయిత్రి సులోచన గారికీ, ఈ బందరు హైస్కూల్లో నాతోపాటు సుద్దపొడి పీల్చిన తోటి టీచర్లకూ, ముందు వరసలో నాకన్నా బిగుసుకుపోయి కూర్చున్న మా ఆయన జేమ్స్ గారికీ నమస్కారాలు. (నవ్వులు)

అధ్యక్షులవారు నన్ను తెగ పొగిడి, చివర్లో ఓ చురక అంటించారు. "దయామణి గారు మంచి తెలుగు టీచరే గానీ, ఈమధ్య ఇంటి సంగతులు బజార్న పెట్టే కవిత్వాన్ని నెత్తిన పెట్టుకున్నారు" అని. అవునండీ, పెట్టుకున్నాను. ఇవాళ రిటైరైపోతున్నాను కాబట్టి నాకు మెమో కూడా ఇవ్వలేరు. (నవ్వులు) ఎందుకు పెట్టుకున్నానో చెప్పే ఈ స్టేజీ దిగుతాను.

మా చర్చివాళ్లకి సాక్ష్యం చెప్పడమని ఒకటుంది. ఇంటింటి ప్రార్థనల్లో ఒకరు లేచి, తమకొచ్చిన కష్టమూ, దేవుడు దాన్ని తీర్చిన వైనమూ చెప్పి, "దేవునికి స్తోత్రం" అని కూర్చుంటారు. తీరని కష్టమున్నవాళ్లు లేవకూడదని ఎవరూ అనలేదు గానీ, లేవరు. ఉద్యోగమొచ్చినప్పుడు లేచాను, ఇల్లు కట్టుకున్నప్పుడు లేచాను. పెళ్లైన కొత్తలో చనిపోయి పుట్టిన మా పాప గురించి మాత్రం ఎన్నడూ లేవలేదు. ఆస్పత్రిలో నాకు చూపించకుండానే తీసుకెళ్లిపోయారు. పెద్దవాళ్లు "మర్చిపోమ్మా" అన్నారు. మేమిద్దరం బుద్ధిమంతుల్లా మళ్లీ ఆ మాటే ఎత్తలేదు.

తొంభై ఏడులో సులోచన గారి పుస్తకం చేతికొచ్చింది. అందులో ఆవిడ, పోయిన తన బిడ్డతో అంటారు: "నువ్వు రాలేదు. పాలొచ్చాయి. ఎవరికివ్వను?"

పుస్తకం మూసేశానండీ. నా రవికె తడిసిన సంగతి ఈవిడకెవరు చెప్పారని కోపం కూడా వచ్చింది.

ఆ వారం ప్రార్థన మా ఇంట్లోనే. సువార్తమ్మ గారు, అదిగో మూడో వరసలో ఉన్నారు, "దయామణీ, ఇవాళ సాక్ష్యం నీదేనే" అన్నారు. లేచి ఆ కవిత చదివాను. మావాళ్ల దృష్టిలో కవిత్వమంటే మైకుండాలి, శాలువా ఉండాలి. చాప మీద నిలబడి చదివితే అది సాక్ష్యమే! ఎవరు రాసిందో నేను చెప్పేలోపే అందరూ నా సొంత మాటలే అనుకున్నారు. స్తోత్రం ఇంకా రాలేదేమిటా అని కాసేపు చూశారు కూడా. తర్వాత సువార్తమ్మ గారు నా పక్కన కూలబడి, "నాకూ ఒకడున్నాడే" అన్నారు. వెనక నుంచి ఇంకొకావిడ "నాకూ" అంది. సులోచన గారూ, మీ కవితని మేం అలా కాజేశాం. తిరిగివ్వం. (చప్పట్లు)

అందరూ వెళ్లాక, చాపలు చుడుతూ జేమ్స్ గారు నన్నడిగారు: "పాపకి ఏం పేరనుకున్నావు?" ఆయన కూడా ఒకటనుకున్నారట ఇన్నేళ్లూ! ఇద్దరివీ వేరే పేర్లు. మేం ఏ విషయంలో కలిశాం గనక! చివరికి ఆయన అనుకున్నదే ఖాయం చేసుకున్నాం. కాంతారావు గారూ, బజార్న పెట్టాకేనండీ ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. కానీ ఆ పేరు ఇంట్లో తప్ప బయట ఎక్కడా పలకలేదు. ఇవాళ ఈ మైకులో పలకాలని వచ్చాను. ఏమండీ, పలకమంటారా?

(జేమ్స్ గారు తలూపారు.)

నా తరఫునా, మా ఆయన తరఫునా, మా అమ్మాయి ఎస్తేరు తరఫునా మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.