రంగు దిగిన రెండో పళ్ళెం

మైక్రోస్కోపు నుంచి తల ఎత్తాలంటే పెద్దావిడకు భయమేసింది. మందు తయారుచేసిన పిల్ల వెనకే నిలబడి ఉంది.

"ఫంగస్ కణాల్లోకి ఎర్రరంగు దిగిందా, మేడం?"

"దిగింది. నీ మందులోని ప్లస్ ఛార్జ్ ఉన్న చక్కెర గొలుసులు కణాల పొరకు అతుక్కుని, దాన్ని జల్లెడ చేసేశాయి."

"మరి అలా ఉన్నారేంటి?"

"పక్క పళ్ళెంలోవి మనిషి చర్మకణాలు. అవీ ఎర్రబడ్డాయి. పొర చెడితే తప్ప ఆ రంగు లోపలికి పోదమ్మా. సీసాలో మందు సగమే ఉందేం?"

"అమ్మ కాలికి ఫంగస్ పుండు. చూస్తూ ఊరుకోలేక మూడు రోజుల్నుంచీ రాస్తున్నా."

పెద్దావిడ సీసాను తన వైపు లాక్కుంది. "ఆవిడేమంటోంది?"

"నొప్పి మాయమైందని మురిసిపోతోంది. పొద్దున కట్టు విప్పుతుంటే నా గోరు పుండులో గుచ్చుకుంది మేడం. తెలియనే లేదంది."