జాబితా అనుకున్న డైరీ

రెండువేల నాలుగు జూన్ పద్నాలుగో తేదీన, మన సాఫ్ట్‌వేర్ సంస్థకు మాదాపూర్‌లో ఒకే ఒక్క అంతస్తు ఉన్న రోజుల్లో, శ్రీ విశ్వేశ్వరరావుగారు నిర్వహణాధికారిగా బాధ్యతలు స్వీకరించారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషిని అభినందించే గౌరవం మన ఆఫీసు పత్రిక సంపాదకులు నాకెందుకు అప్పగించారో అంతుపట్టడం లేదు. ఈ కార్యాలయంలో ఆయనను అందరికంటే ఎక్కువగా అనుమానించినవాణ్ణి నేనే. బహుశా అందుకే అప్పగించారేమో, అదీ అనుమానమే.

తొలి నాలుగేళ్లు ఆయన సమయపాలనకు, మితభాషణకు పేరుపొందారు. రెండువేల ఎనిమిదిలో ఆర్థిక మాంద్యం విరుచుకుపడినప్పుడు, ఒకే ఒక్క విదేశీ క్లయింటును నమ్ముకున్న మన సంస్థ ముప్పై ఒక్క మందిని వారం రోజుల్లో ఇంటికి పంపించింది. ఆ పేర్లను సమావేశ మందిరంలో నిలబడి చదివే పని విశ్వేశ్వరరావుగారి మీద పడింది. ఆ మర్నాటి నుంచే ఆయన జేబులో ఒక ఆకుపచ్చ డైరీ కనిపించసాగింది. అందులో ఉన్నది తదుపరి జాబితాయేనని పాతవారందరూ తీర్మానించుకున్నారు.

రెండువేల పదహారులో నేను చేరిన రోజున సీనియర్లు నాకు చెప్పిన మొదటి జాగ్రత్త ఆ డైరీ గురించే. మూడోనాడు ఆయన క్యాంటీన్‌లో నా ఎదుటికొచ్చి కూర్చున్నారు.

“రాకేశ్‌గారూ, మీ నాన్నగారేం చేస్తుంటారండీ?”

మన దగ్గర ఈ ప్రశ్న ఎందుకడుగుతారో ఎవరికి తెలియదు? కులం కనుక్కోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. “జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీల ప్యాకింగ్ పని సార్. ఎందుకు?” అన్నాను.

“ఊరికేనండీ,” అంటూ డైరీ తీసి రాసుకున్నారు. రాసిన మాట కింద గీత కూడా గీశారు. ఊరికే అడిగినవారు గీత గీస్తారా? ఆనాటి నుంచి ఆయన నవ్వితే ఒక భయం, నవ్వకపోతే ఇంకో భయం. రెండుసార్లు సెలవు పెట్టి నానక్‌రామ్‌గూడలో వేరే కంపెనీల ఇంటర్వ్యూలకు కూడా వెళ్లొచ్చాను, ఎంపిక కాలేదు.

రెండువేల ఇరవై మూడులో అంతా అనుకున్నట్టే అయింది. సగానికి పైగా పనినిచ్చే అమెరికా క్లయింటు ఒప్పందం రద్దు చేసుకున్నారు. మా బృందంలోని ఇరవై ఇద్దరినీ అదే సమావేశ మందిరానికి పిలిచారు. విశ్వేశ్వరరావుగారు డైరీ తెరిచి, మొట్టమొదట నా పేరే పిలిచారు. అప్పటికి నేను ఫ్లాట్ కొని ఆరు నెలలు.

“మీ నాన్నగారు ఇంకా జీడిమెట్లలోనే చేస్తున్నారాండీ?”

నాకు ఒళ్లు మండిపోయింది. “చేస్తుండు సార్. ఏంది, నౌకరీకెళ్లి తీసేసేటప్పుడు గది గూడ రాయాల్నా?”

“తీసేయడానికి కాదండీ. ఏ మందు ఏ లారీలో ఎక్కడికి వెళ్లిందో ఆ ఫ్యాక్టరీవాళ్లింకా కాగితాల మీదే వెతుక్కుంటున్నారట. ఆ కష్టం మీ నాన్నగారికి తెలుసు, దానికి సాఫ్ట్‌వేర్ రాయడం మీకు తెలుసు. మనకు పనిచ్చేవాళ్లు అమెరికాలోనే ఉండాలా? నన్నొకసారి ఆయన దగ్గరికి తీసుకెళ్తారా?”

ఆ డైరీలో తీసివేయవలసినవారి పేర్లు లేవు. మన తల్లిదండ్రులు, అన్నదమ్ములు, మేనమామలు ఎక్కడ ఏ పని చేస్తున్నారో, అక్కడ ఏ ఇబ్బంది ఉందో పదిహేనేళ్లుగా ఆయన రాసి పెట్టుకున్నారు. ఆ ఆదివారం మా ఇంట్లో మా నాయన సాయిలు పక్కన కింద కూర్చుని, లారీ లోడింగ్ మొదలు తిరిగొచ్చిన పెట్టెల దాకా మూడు గంటలు అడిగి తెలుసుకున్నారు. ఆయన వెళ్లాక మా నాయన నన్ను ఒక్క మాటే అడిగాడు. “మీ సార్ అడిగిండు. నా పనేందో నువ్వు గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న అడిగినవా బిడ్డా?”

సిగ్గుపడ్డాను.

ఆ ఫ్యాక్టరీతో మొదలైన పని రెండేళ్లలో పదకొండు కర్మాగారాలకు విస్తరించింది. ఇరవై ఇద్దరిలో ఒక్కరినీ ఇంటికి పంపలేదు సరికదా, కొత్తగా తొమ్మిది మందిని తీసుకున్నాం.

ఇప్పుడు మళ్లీ మాంద్యం మాటలు వినిపిస్తున్నాయి. మొన్న విశ్వేశ్వరరావుగారు ఆ డైరీని నా చేతిలో పెట్టారు. ముందుగా నా పేజీయే వెతికాను. జీడిమెట్ల కింద గీసిన గీత అలాగే ఉంది. దాని కింద ఇలా రాసి ఉంది: “అనుమానం ఎక్కువ. అంతా బాగుందని అందరూ నమ్మినప్పుడు ఇతను నమ్మడు. నా తర్వాత ఈ పుస్తకం ఇతనికే.”

నిన్న క్యాంటీన్‌లో, కొత్తగా చేరిన పింకీ ఎదుట కూర్చుని, “మీ ఇంట్ల ఎవరేం పని చేస్తరమ్మా?” అని అడిగాను. ఆమె నా చేతిలోని ఆకుపచ్చ డైరీ వంక చూసి, “ఎందుకు సార్?” అంది.

ఆ చూపు నాకు బాగా తెలుసు.

గోపన్‌పల్లి ఫ్లాట్‌లో విశ్రాంతి తీసుకుంటానని విశ్వేశ్వరరావుగారు చెబుతున్నారు. నేను నమ్మను. ఉదయపు నడకలో కలిసిన ప్రతివారినీ ఇంట్లో వాళ్లేం చేస్తారని అడుగుతూనే ఉంటారు. శ్రీమతి నాగేశ్వరిగారితో కలిసి ఆయన సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు అలా అడుగుతూనే ఉండాలని, అడిగినప్పుడల్లా ఎవరో ఒకరు నాలాగే అనుమానించి, ఆనక నాలాగే సిగ్గుపడాలని మనసారా కోరుకుంటున్నాను.