స్టేషన్ గోడ మీద రెండు ముఖాలు

సియోల్ నగరంలోని ఒక చర్మ చికిత్సాలయంలో, తలుపు మూసిన గదిలో, మొటిమల గుంటలకు లేజర్ చికిత్స పూర్తి చేయించుకున్న నారే, ఆమెను ఆ చికిత్సలో చేర్చిన అక్కడి మేనేజరు ఓక్‌జు ఎదురెదురుగా కూర్చున్నారు.

"స్టేషన్ గోడ మీద నా ఫోటోలతో పెట్టిన ఆ ప్రకటన బోర్డు ఇవాళే తీయించండక్కా. రేపు నా ఇంటర్వ్యూ. ఆ కంపెనీ వాళ్లంతా ఆ స్టేషన్లోనే దిగుతారు."

"నీ ఫోటోలు వాడుకోమని ఒప్పుకున్నావు కదమ్మా నారే. అందుకేగా ఫీజు తగ్గించి చేశాం."

"ఒప్పుకున్నాను. గుర్తుపట్టకుండా ఫోటోలో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తామన్నారు."

"వేశాం కదా!"

"వేశారు. పట్టీ కింద బుగ్గలేమో గోడంత! మా అమ్మ మెట్ల మీంచే పోల్చుకుంది."

"మరి పక్కనున్న 'చికిత్స తర్వాత' నున్నటి ముఖం చూసి మురిసిపోలేదా?"

"మురిసిపోయింది. మా పిల్లేనని దారిన పోయేవాళ్లని ఆపి మరీ చెబుతోంది. ఆ నున్నదనం నా అద్దంలో కనబడదేం?"

"చర్మం మానాలిగా. నీళ్లు బాగా తాగు. ఎండలో తిరక్కు."

"చలికాలం నుంచీ ఇదే పాట. చెయ్యి పెట్టి చూడండి, ఇసుక కాగితంలా ఉంది. రంధ్రాలు ఇంకా తెరుచుకున్నాయి."

"ఇంకో విడత చేద్దాం."

"వద్దు! దరఖాస్తు ఫోటో ఎలాగూ స్టూడియోవాడు దిద్దిందే. అందరూ దిద్దిస్తారు, అది వాళ్లకీ తెలుసు. కానీ ఆ బోర్డు చూశాక నన్ను చూస్తే..."

"చూడనీ. 'చికిత్సకు ముందు' అలా, ఇప్పుడిలా అనుకుంటారు."

"ఇప్పుడెలా? నా ముఖం చూసి చెప్పండక్కా."

"...రేపు మేకప్ కాస్త మందంగా వేసుకో."

"ఇటు చూడండి. నా జుట్టు చూడండి."

"పొట్టిగా బాగుంది."

"చివరి విడతకి వచ్చేముందే, ఇంటర్వ్యూ కోసం కత్తిరించుకున్నాను. బోర్డు మీద 'చికిత్స తర్వాత' అన్న ముఖానికి భుజాల కిందికి జుట్టుందేం?"

"విగ్గు పెట్టి ఉంటారు."

"నాకెవరూ విగ్గు పెట్టలేదు."

"కంప్యూటర్లో..."

"'ముందు' అన్న ముఖానికి ఈ పొట్టి జుట్టే ఉంది! చివరి రోజు మీరే ఈ గది గోడకి నిలబెట్టి ఆ ఫోటో తీశారు."

"మెల్లగా! బయట కొత్తవాళ్లు కూర్చున్నారు."

"ఎందుకక్కా తారుమారు చేశారు?"

"ఏం చెయ్యమంటావే తల్లీ... రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నువ్వు మొదటిరోజు తెచ్చుకున్న ముఖమే నయంగా ఉంది."