ఒంటికన్నువాడి వంకలు

దిక్కులేని కుక్కల్ని సాకే షెల్టరు అది. ఒంటికన్ను కుక్కను పెంచుకుంటానని వచ్చిన పెద్దాయనకీ, దానికి రోజూ అన్నం పెట్టే అమ్మాయికీ మాటలు నడుస్తున్నాయి.

“వద్దు బాబాయ్, అది గురక పెడుతుంది.”

“మీ పిన్నీ పెట్టేదమ్మా. ఆవిడ పోయాక నాకు నిద్రే పట్టట్లేదు.”

“కన్ను కూడా ఒకటే.”

“సూదిలో దారం ఎక్కించమని అడగనులే.”

“చెప్పు కనబడితే కొరికేస్తుంది!”

“నేను చెప్పులు కుట్టేవాణ్ణే.”

“అది కాదు బాబాయ్...”

“ఈ వంకలు ఇప్పటిదాకా ఎంతమందికి చెప్పావు తల్లీ?”

“పదకొండు మందికి.”

“అంత ప్రేమున్నదానివి నువ్వే తీసుకుపోరాదూ?”

“మా ఇంటి ఓనర్లు కుక్కని గడప తొక్కనివ్వరు.”

“అయితే నా కొట్టుకొచ్చి వాణ్ణి చూసిపో.”

“ఊరికే ఎలా రాను?”

“చెప్పు తెగినప్పుడు రా.”

“తెగకపోతే?”

“ఒక్కసారి వచ్చి గుమ్మంలో విడువు. మిగతాది వాడు చూసుకుంటాడు.”